దైవం ఊరిదా, మనిషిదా? ఫ్రెంచి నవలల్లో ఏది ముందు చదవాలి?

చెట్టుకూ పుట్టకూ, పాముకూ వాగుకూ, ఎప్పుడో పోయిన అవ్వకూ మాటా మనసూ ఉండే నవలలు ఫ్రెంచి భాషలో చాలా ఉన్నాయి. రాసినవాళ్ళలో ఎక్కువమంది ఫ్రాన్సు వాళ్ళు కారు. గినీ, ఐవరీ కోస్ట్, కాంగో, హైతీ, గ్వాదలూప్, మారిషస్, కెనడాలోని క్యుబెక్ వాళ్ళు. ఫ్రెంచివాళ్ళు ఓడ దిగిన ప్రతిచోటా అక్కడి ఊళ్ళ నమ్మకాలు కొన్నాళ్ళకు ఆ భాషలోకి ఎక్కాయి. చాలావాటికి ఇంగ్లీషు అనువాదాలు ఉన్నాయి కాబట్టి ఫ్రెంచి రాకపోయినా ఫరవాలేదు. చిక్కల్లా ఎంచుకోవడంలోనే. సిఫారసు జాబితాలు వీటన్నిటినీ ఒకే గాటన కట్టి ‘మాంత్రిక వాస్తవికత’ అని చీటీ అంటిస్తాయి. అది చూసి గారడీ కోసం కొన్న పాఠకుడు యాభయ్యో పేజీలో పుస్తకం మూసేస్తాడు, ఎందుకంటే ఇందులో గారడీ ఏమీ ఉండదు. పాత్రలకు అది రోజువారీ బతుకు.

నేను వీటిని వేరు చేసుకోవడానికి ఒకే ప్రశ్న వేస్తాను. కథలోని మనిషి ఊరు దాటినప్పుడు అతని దైవం వెంట వస్తుందా, పొలిమేర దగ్గరే ఆగిపోతుందా? దీనికి ఒక్కో నవల ఒక్కో జవాబు చెబుతుంది. ‘నేనెవరు’ అనే ప్రశ్నకు ఆ పాత్ర చెప్పుకునే జవాబు కూడా దాన్నిబట్టే మారుతుంది.

ఇలాంటి నమ్మకాలకు పెట్టిన యానిమిజం అనే పేరు గురించి ముందుగా ఒక మాట. 1871లో ఎడ్వర్డ్ టైలర్ దాన్ని మానవశాస్త్రంలో ప్రచారంలోకి తెచ్చాడు, మతాలన్నిటికీ అడుగుమెట్టుగా. తర్వాత వలస అధికారులు ముస్లిమూ క్రైస్తవుడూ కాని ప్రతి ఆఫ్రికన్‌నూ ఆ గడిలో పడేశారు. ఫ్రెంచి మానవశాస్త్రవేత్త ఫిలిప్ దెస్కోలా 2005లో వచ్చిన పుస్తకంలో దానికి కొత్త అర్థం ఇచ్చాడు: జంతువుకూ చెట్టుకూ మనిషికున్నలాంటి లోపలి మనసే ఉంది, ఒంటి తొడుగే వేరు అనుకోవడం. ఆ లెక్కన కింద చెప్పబోయే పుస్తకాల్లో కొన్ని యానిమిజం కిందికి కచ్చితంగా రావు. నవలలు సిద్ధాంతాలు చూసుకుని పుట్టవు కాబట్టి నేను పట్టింపు పెట్టుకోలేదు.

రెండు మొసళ్ళు

మొదటిసారి ఈ వైపు వస్తున్నవాళ్ళకు నేను చెప్పేది ఒక్క పుస్తకం కాదు, ఒక జంట. కమరా లాయ్ రాసిన ‘ది డార్క్ చైల్డ్’ (ఫ్రెంచిలో 1953), అహ్మదూ కురుమా రాసిన ‘ది సన్స్ ఆఫ్ ఇండిపెండెన్స్’ (1968). ఇద్దరూ మలింకే జాతివాళ్ళే. లాయ్‌ది గినీ, కురుమాది పక్కనే ఉన్న ఐవరీ కోస్ట్. రెండు పుస్తకాల్లోనూ వంశానికి రక్షగా జంతువులున్నాయి, రెంటిలోనూ నదిలో మొసళ్ళున్నాయి. అక్కడితో పోలిక చెల్లు.

లాయ్ పుస్తకం దాదాపు ఆత్మకథ. కురూసా ఊళ్ళో తండ్రి కమ్మరి, కంసాలి కూడా. కొలిమి దగ్గరికి ఒక చిన్న నల్లపాము వచ్చిపోతుంటుంది. తండ్రి దాన్ని చేత్తో నిమురుతాడు. అది తమ వంశాన్ని కాచే శక్తి అనీ, జరగబోయేది తనకు ముందుగా చెబుతుందనీ కొడుకుతో అంటాడు. బంగారం కరిగించే ఘట్టం ఒక్కదాని కోసమైనా ఈ పుస్తకం కొనొచ్చు. నగ చేయించుకోవడానికి వచ్చిన ఆవిడ, ఆమె తరఫున తండ్రిని పొగుడుతూ పాడే గ్రియో అనే వంశగాయకుడు, తిత్తులు ఊదే కుర్రాళ్ళు, నోరు మెదపకుండా పెదవులు మాత్రం కదిలిస్తూ నిప్పునూ గాలినీ బంగారాన్నీ ఏలే శక్తులను పిలిచే తండ్రి. పనీ పూజా అక్కడ రెండు కావు. తల్లి సంగతి ఇంకో రకం. ఆమె టోటెమ్, అంటే వంశాన్ని కాచే జంతువు, మొసలి. వరదరోజుల్లో నైజర్ నదిలో మొసళ్ళు మూగినప్పుడు ఊరంతా దూరం జరిగితే ఆమె మాత్రం తాపీగా వెళ్ళి నీళ్ళు ముంచుకొస్తుంది.

ఇక్కడే అసలు విషయం ఉంది. చదువు కోసం కొనాక్రీకీ, అక్కణ్ణించి ఫ్రాన్సుకీ వెళ్ళిన కొడుకు, తనకూ ఒక టోటెమ్ ఉండే ఉంటుందని, అదేమిటో మాత్రం తనకు తెలియదని రాస్తాడు. పాము కొలిమి దగ్గరే ఉండిపోయింది. కొడుకు జేబులోకి చివరికి చేరింది పారిస్ మెట్రో మ్యాపు. ఫ్రాన్సులో పనిచేస్తూ, ఇంటి మీద బెంగతో రాసిన పుస్తకం ఇది. ఆ బెంగ వల్లే కొంతమందికి నచ్చదు కూడా. వలస పాలన దౌర్జన్యం ఇందులో ఎక్కడుందని కామెరూన్ రచయిత మొంగో బేటీ అప్పట్లోనే గట్టిగా విమర్శించాడు. ఆ విమర్శలో నిజముంది. అయినా కొలిమి ముందు కూర్చున్న పిల్లవాడి కళ్ళలోంచి చూసినంతసేపూ నాకు ఆ లోటు తెలియలేదు.

ఇప్పుడు కురుమా. నవల చావుతో మొదలవుతుంది. రాజధానిలో ఒక మలింకే మనిషి పోతాడు. పోగానే అతని నీడ లేచి, దూరాన ఉన్న సొంత ఊరికి గబగబా నడిచి వెళ్ళి తన చావు కబురు తనే చెప్పి, మళ్ళీ కర్మకాండలకు రాజధానికి తిరిగొస్తుంది. ఎక్కడ చచ్చినా లెక్క చెప్పాల్సింది పుట్టినూరికే అన్నమాట. కథానాయకుడు ఫామా దుంబుయా హోరొదుగు రాజవంశంలో చివరివాడు, వాళ్ళ టోటెమ్ చిరుతపులి. స్వాతంత్ర్యం వచ్చాక అతనికి మిగిలింది పార్టీ కార్డు, గుర్తింపు కార్డు. పూట గడవడానికి చావు ఇళ్ళ చుట్టూ తిరుగుతాడు. అతని ఒకప్పటి రాజ్యం మధ్యలోంచి రెండు కొత్త దేశాల సరిహద్దు పోయింది. చివర్లో ఆ సరిహద్దు వంతెన దగ్గర గార్డులు ఆపుతారు. హోరొదుగు మొసళ్ళు దుంబుయా వంశస్థుణ్ణి ముట్టవన్న నమ్మకంతో అతను నీళ్ళలోకి దిగుతాడు. ఒక మొసలి అతన్ని కరుస్తుంది.

లాయ్ తల్లిని ముట్టని మొసలి పదిహేనేళ్ళ తర్వాత ఫామాను ఎందుకు కరిచింది? నమ్మకం అబద్ధమని కురుమా అంటున్నాడా, లేక దేశాలు చేతులు మారాక ఆ ఒప్పందం చెల్లకుండా పోయిందంటున్నాడా? నవల తేల్చదు. రెండూ వెంటవెంటనే చదివితేనే ఈ ప్రశ్న మీదాకా వస్తుంది. అందుకే జంటగా కొనమంటున్నాను. వరుస కూడా ముఖ్యం, లాయ్‌ ముందు.

భాషలోనూ తేడా ఉంది. లాయ్ వాక్యం నున్నగా, బడిలో నేర్చిన ఫ్రెంచిలో సాగుతుంది. కురుమా మలింకే పలుకుబడిని ఫ్రెంచి నోట్లో కుక్కి దాన్ని ఉక్కిరిబిక్కిరి చేస్తాడు. ఫ్రాన్సు ప్రచురణకర్తలు కాదన్నాక 1968లో ఈ పుస్తకం మాంట్రియాల్‌లో అచ్చయింది. పారిస్ ప్రచురణ 1970లో గానీ రాలేదు. తిట్లూ సామెతలూ వ్యంగ్యమూ మీకు ఇష్టమైతే రెంటిలో ఇదే మీకు దగ్గరవుతుంది. ఒక హెచ్చరిక: ఫామా భార్య సలిమాతా కథలో ఆడపిల్లల సున్తీ, అత్యాచారం దాపరికం లేకుండా ఉన్నాయి. చదివే మనఃస్థితి చూసుకుని తెరవండి.

ఊట ఎండిపోయిన రెండు ఊళ్ళు

ఫ్రాన్సులో పుట్టిన నవలే కావాలంటే ఝాన్ జియోనో రాసిన ‘హిల్’ (ఫ్రెంచిలో ‘కొలీన్’, 1929). ప్రొవాన్స్‌లో లూర్ కొండ కింద నాలుగిళ్ళ పల్లె. ఒకరోజు ఊట ఎండిపోతుంది. ఒక పిల్ల జబ్బు పడుతుంది. మంచాన పడ్డ ముసలి జానే ఏదేదో పలవరిస్తాడు: కొండకు ప్రాణముంది, మీరు దాన్ని కోస్తున్నారు, తవ్వుతున్నారు, అది చూస్తూనే ఉంది అని. అంతకుముందు పొలంలో పారతో ఒక బల్లిని నరికిన గోంద్రాన్‌కు తన చుట్టూ ఉన్న నేల మొత్తం తననే గమనిస్తున్నట్టు వణుకు పుడుతుంది. నవల అంతటిలో నాకు ఎక్కువ నచ్చిన పుటలు అవి. ఇక్కడ పూజ లేదు, పూజారి లేడు, దేవుడికి పేరు కూడా లేదు. మిగిలింది భయం ఒక్కటే. ఊరివాళ్ళు కొండను వదిలి వెళ్ళరు, కొండ వాళ్ళను వదలదు. నా ప్రశ్నకు ఇక్కడ తావే లేదు, ఎవరూ పొలిమేర దాటరు గనక.

హైతీ రచయిత జాక్ రూమేన్ ‘మాస్టర్స్ ఆఫ్ ది డ్యూ’ కూడా నీళ్ళు ఎండిన ఊరి కథే. పదిహేనేళ్ళు క్యూబా చెరకు తోటల్లో పనిచేసి మాన్యుయెల్ ఫోన్‌రూజ్‌కు తిరిగొస్తాడు. కొండల మీద చెట్లు కొట్టేశారు, వాన లేదు, నేల పగుళ్ళిచ్చింది. పాత పగ ఒకటి ఊరిని రెండుగా చీల్చింది. కొడుకు తిరిగొచ్చినందుకు తల్లిదండ్రులు దారులు తెరిచే దైవమైన లెగ్బాకు మొక్కు తీరుస్తారు. డోలు మోగుతుంది, పూనకాలొస్తాయి, మాన్యుయెల్ కూడా ఒళ్ళు మరిచి ఆడతాడు. తర్వాత మాత్రం వాన రప్పించేది కోడిరక్తం కాదనీ, చెట్టూ మనిషి చెయ్యీ అనీ అంటాడు. అడవి పావురాల జాడ పట్టుకుని, మహావృక్షం కింద ఊట కనిపెడతాడు. ఆ నీటిని ఊరికి తేవాలంటే పగ పోవాలి. దానికి అతను చెల్లించేదేమిటో చదివి తెలుసుకోండి.

రూమేన్ 1934లో హైతీ కమ్యూనిస్టు పార్టీని స్థాపించినవాడు. 1941లో జాతివిజ్ఞాన కార్యాలయాన్నీ స్థాపించాడు. సరిగ్గా ఆ రోజుల్లోనే చర్చి ‘మూఢనమ్మకాల నిర్మూలన’ పేరుతో హైతీ జనం కొలిచే వూడూ మతపు గుళ్ళ మీద పడి డోళ్ళు తగలబెట్టించింది. అతను దాన్ని ఎదిరించి రాశాడు. అందుకే ఈ నవలలో నమ్మకం మీద గౌరవమూ దానితో పేచీ రెండూ ఉన్నాయి. హేతువాద వాతావరణంలో పెరిగి, ఊరి జాతరంటే మాత్రం ఇప్పటికీ ఒళ్ళు పులకరించే పాఠకులు మనలో తక్కువేం కాదు. వాళ్ళకు నా మొదటి ఎంపిక ఇదే. రూమేన్ 1944 ఆగస్టులో పోయాడు, నవల ఆ తర్వాతే వెలుగు చూసింది. ఇంగ్లీషులోకి 1947లో తెచ్చినవాళ్ళలో ఒకరు కవి లాంగ్‌స్టన్ హ్యూజ్. అనువాదం పాతబడినా పాట చెడలేదు.

జియోనోనా, రూమేనా? మాటలు తక్కువ, గుబులు ఎక్కువ కావాలంటే జియోనో. రెండు సాయంత్రాల్లో అయిపోతుంది, పాల్ ఎప్రిల్ చేసిన 2016 అనువాదం తీసుకోండి. మనుషుల మీద ప్రేమ కావాలంటే రూమేన్. అతని కథానాయకుడు కొంచెం మరీ మంచివాడన్న ఫిర్యాదు నాకూ ఉంది.

సముద్రం దాటిన దైవాలు

బానిసల్ని ఓడల్లో తెచ్చిన దీవుల్లో నా ప్రశ్న తలకిందులవుతుంది. అక్కడ దైవం అప్పటికే ఒక సముద్రం దాటింది. ఇంకోసారి దాటగలదా?

గ్వాదలూప్ రచయిత్రి మరీస్ కొండే 1986 నవల ‘ఐ, టిటూబా, బ్లాక్ విచ్ ఆఫ్ సేలం’ దీన్నే పట్టుకుంటుంది. టిటూబా చరిత్రలో ఉన్న స్త్రీ. 1692లో అమెరికాలోని సేలంలో మంత్రగత్తెలని జరిగిన విచారణల్లో మొదట నిందపడ్డవాళ్ళలో ఒకతె. కొండే ఆమెకు బార్బడోస్‌లో బాల్యాన్నీ, మూలికలూ చనిపోయినవాళ్ళతో మాటలూ నేర్పే మాన్ యాయా అనే గురువునూ కల్పించింది. మొగుడి వెంట చలిదేశానికి వెళ్ళాక టిటూబాకు తన మూలికలు దొరకవు. బూరుగు జాతి మహావృక్షానికి బదులు ఎర్రబారిన మేపుల్ చెట్టు, గినీ గడ్డికి బదులు ముళ్ళాకుల హాలీ పెట్టుకుని సరిపెట్టుకుంటుంది. వలస వెళ్ళి, అక్కడ దొరికిన ఆకులతో పండగ గడుపుకునే ఎవరికైనా ఆ పేజీ తగులుతుంది. డల్లాస్‌లో మామిడాకుల కోసం వెతికేవాళ్ళకు వేరే చెప్పాలా!

సిమోన్ ష్వార్జ్-బార్ రాసిన ‘ది బ్రిడ్జ్ ఆఫ్ బియాండ్’ (1972) అలా తిరిగే కథ కాదు. గ్వాదలూప్‌లో లూగాందోర్ వంశపు ఆడవాళ్ళ కథ, చివరి తరం తెల్యుమే నోట వినిపిస్తుంది. ఒకరి ప్రపంచం ఎంత పెద్దదనేది వాళ్ళ గుండెను బట్టి ఉంటుందని మొదటి పేజీలోనే అంటుంది. తెల్యుమే అవ్వకు స్నేహితురాలైన మాన్ సియా అడవిలో ఒంటరిగా ఉంటుంది, మూలికలు తెలిసినది, చివరికి కుక్కగా మారిపోతుంది. ఆ సంగతిని రచయిత్రి పక్కింటి కబురు చెప్పినంత మామూలుగా చెబుతుంది. కొండేలో కోపం, వెటకారం, చరిత్రతో తగవు ఉన్నాయి. ష్వార్జ్-బార్‌లో ఓర్పు, పాటలు, సామెతలు. ఒకటే చదివే తీరిక ఉందంటే నేను తెల్యుమే వైపే మొగ్గుతాను. బార్బరా బ్రే అనువాదంలో కూడా వాక్యాలు గొంతెత్తి చదవాలనిపిస్తాయి.

నవ్వుకోవాలంటే

అలెన్ మబాంకు ‘మెమ్వార్స్ ఆఫ్ ఎ పోర్క్యుపైన్’. 2006లో ఫ్రాన్సు సాహిత్య బహుమతి రెనొదో వచ్చింది. ఒక కాంగో పల్లెలో కిబాంది అనే మనిషికి జంటప్రాణంగా ఉంటూ, అతను చెప్పిన వాళ్ళనల్లా ముళ్ళతో పొడిచి చంపిన ముళ్ళపంది తన పాపాలను ఒక బావొబాబ్ చెట్టుకు చెప్పుకుంటుంది. యజమాని చచ్చినా తానెందుకు బతికుందో దానికే అర్థం కాదు. పుస్తకం పొడుగునా ఎక్కడా ఫుల్‌స్టాప్ లేదు, కామాలే. మనుషుల్ని కోతుల దాయాదులంటూ అది చేసే ఎగతాళి బాగుంటుంది. జంటప్రాణం ఇక్కడ మనిషికి కట్టుబడింది, ఊరికి కాదు. కిబాంది, అతని తల్లి రాత్రికి రాత్రి ఊరు విడిచి పారిపోతే ముళ్ళపంది కూడా వెనకే నడుస్తుంది. లాయ్ పాముకు సరిగ్గా ఎదురు జవాబు. లోతు కోసం మాత్రం దీన్ని ఎంచుకోకండి, సగం దాటాక చావుల వరుస కాస్త విసుగు పుట్టిస్తుంది.

ఉత్తరాన, ఎలుగుబంటి

క్యుబెక్‌లోని క్రీ ఆదివాసీ జాతి మూలాలున్న చిత్రకారిణి వర్జీనియా పెసెమాపేవ్ బోర్డెలో రాసిన ‘బ్లూ బేర్ వుమన్’ (ఫ్రెంచిలో 2007) ఈ జాబితాలో తక్కువమందికి తెలిసినది. విక్టోరియా అనే స్త్రీ జేమ్స్ బే ప్రాంతానికి వెళ్తుంది. అడవిలో వేటకు వెళ్ళి తిరిగిరాని తాత వరస బంధువు ఎముకలను వెతికి, తగిన అంత్యక్రియలు చేయాలి. విద్యుత్ ఆనకట్టల నీళ్ళు ఆ నేలను ముంచేస్తున్నాయి. కలల్లో ఎలుగుబంటి దారి చూపుతుంది. ఇక్కడ ప్రశ్న మరో మలుపు తిరుగుతుంది: మనిషి కదలకపోయినా ఊరే నీటి కిందికి పోతే? కథనం అక్కడక్కడా తడబడుతుంది, కాలాలు ముందుకూ వెనక్కూ దూకుతాయి. అయినా ఆఫ్రికా, కరీబియన్ దాటి ఇంకో రకం నమ్మకాన్ని చూడాలంటే ఇది తీసుకోండి. మరింత సాఫీగా నడిచే కథ కావాలంటే మిషెల్ ఝాన్ ‘కుకుం’ (2019). ఇన్నూ అనే ఆదివాసీ జాతి కుటుంబంలోకి పెళ్ళి చేసుకుని వెళ్ళిన అనాథ పిల్ల వాళ్ళ సరస్సు మనిషిగా మారే కథ. అందులో ఆత్మలు తక్కువ, నేల ఎక్కువ.

మనకు చుట్టరికం ఉన్న పుస్తకం

ఆనంద దేవి మారిషస్‌లో 1957లో పుట్టింది. నవలాకారిణిగా పేరు రాకముందు మానవశాస్త్రం చదివి, మారిషస్ తెలుగువాళ్ళ జాతి అస్తిత్వం మీద పరిశోధన చేసింది. అది 1990లో అక్కడి మహాత్మా గాంధీ ఇన్‌స్టిట్యూట్ నుంచి పుస్తకంగా వచ్చింది. మూడేళ్ళ తర్వాత వచ్చిన నవల ‘ల్ వ్వాల్ ద ద్రౌపది’లో కొడుకు జబ్బు నయం కావడానికి అంజలి నిప్పుల మీద నడవాలని భర్త పట్టుబడతాడు. ద్రౌపదమ్మ పేరిట నిప్పులు తొక్కే మొక్కు తమిళుల ద్వారా ఆ దీవికి వెళ్ళింది. మన చిత్తూరు వైపు ధర్మరాజుల గుళ్ళలో అగ్నిగుండం చూసినవాళ్ళకు కొత్తగా వివరించక్కర్లేదు. దీన్ని యానిమిజం అంటే ఒప్పుకోని వాళ్ళుంటారు, వాళ్ళు చెప్పేదీ సబబే. ఆనంద దేవి అడిగేది వేరు: సముద్రం దాటి వెంట వచ్చిన దైవం ఆడదాని ఒంటినే ఎందుకు బలి అడుగుతుంది? లాయ్ పామును పోగొట్టుకుని బెంగపడితే, అంజలి వెంట వచ్చినదాన్ని వదిలించుకోలేక నలుగుతుంది. ఫ్రెంచి వచ్చినవాళ్ళు ఇదే చదవండి. ఇంగ్లీషులో అయితే రచయిత్రి స్వయంగా అనువదించుకున్న ‘పగ్లి’తో మొదలుపెట్టొచ్చు, అయితే అది ప్రేమా తిరుగుబాటూ కథ, మొక్కుల కథ కాదు.

వీటి పక్కనే ఎప్పుడూ కనిపించే షేక్ హమిదూ కాన్ ‘యాంబిగ్యువస్ అడ్వెంచర్’ (1961) గొప్ప నవలే. కాకపోతే అందులో తగవు ఖురాన్ బడికీ ఫ్రెంచి బడికీ మధ్య. చెట్టూ పుట్టా కోసం వెళ్తే నిరాశపడతారు. అది వేరే రోజుకు దాచుకోండి.

టిటూబా కొనేటప్పుడు చిన్న జాగ్రత్త. కొండే భర్త రిచర్డ్ ఫిల్‌కాక్స్ అనువాదమే అది. 1992 ప్రచురణలో నవల అయ్యాక ఒక వెనుకమాట, అందులో రచయిత్రితో సంభాషణ ఉంటాయి. తాను రాసిన దాంట్లో ఎంత వ్యంగ్యం ఉందో, పాఠకులు దాన్ని ఎంత గంభీరంగా తీసుకుంటున్నారో అక్కడ ఆమే చెబుతుంది. ముందే చదివితే మాన్ యాయా మాటలు మీకు వేరే గొంతులో వినిపిస్తాయి కాబట్టి, నవల పూర్తయ్యేదాకా ఆ పేజీలు తిప్పకండి.